‘పెంచు’ క్రియకు రెండర్థాలు: రోగనిరోధక కణాలపై తెలుగు విజ్ఞాన రచన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

చిట్టెలుక రక్తం నుంచి రోగనిరోధక కణాలను గాజుపాత్రలో పెంచవచ్చునని 1992లో నిరూపితమైంది. ఆ కణాలను గురించి తెలుగులో వెలువడే విజ్ఞాన రచన మాత్రం నేటికీ ప్రధానంగా యుద్ధపరిభాషనే ఆశ్రయిస్తున్నది. తెలుగు ‘పెంచు’ క్రియకు పోషించి పెద్దచేయడం, పరిమాణాన్ని అధికం చేయడం అని రెండర్థాలున్నాయి. ప్రయోగశాలలో జరిగేది మొదటిది. ఆరోగ్య రచన, ప్రకటనలు ప్రచారం చేసేది రెండవది. ఈ రెండింటి కలగాపులగం వల్ల కలిగే అనర్థాన్నీ, తెలుగులోనే ఉన్న సేద్యపు పదజాలం ఇవ్వగల ప్రత్యామ్నాయాన్నీ, దాని పరిమితులనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హైదరాబాదు శివారులోని నిజాంపేట–బాచుపల్లి ప్రాంతం ఇందుకు నిదర్శనంగా స్వీకరించబడింది.

కీలకపదాలు: విజ్ఞాన రచన, రూపకం, పారిభాషిక పదాలు, రోగనిరోధక శక్తి, కణవర్ధనం, డెండ్రైటిక్ కణం, నిజాంపేట.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ఆధునిక విజ్ఞాన రచనకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయికి కావలసిన పాఠ్యగ్రంథాలనూ పారిభాషిక పదకోశాలనూ సమకూర్చింది. ఈ కృషి ఫలితంగా ‘కణజాల వర్ధనం’, ‘యానకం’, ‘ప్రతిజనకం’, ‘ప్రతిదేహం’ వంటి పదాలు తెలుగు మాధ్యమ విద్యార్థులకు పరిచితమయ్యాయి.

పదం ఏర్పడటంతో రచన పూర్తికాదు. ఒక పదం ఏ వాక్యంలో, ఏ క్రియతో, ఏ రూపకంతో కలిసి పాఠకుని చేరుతుందన్నది వేరే ప్రశ్న. తెలుగులో పారిభాషిక పదాలపై జరిగిన చర్చ చాలావరకు సంస్కృతమా, అచ్చతెలుగా, ఆంగ్లమా అన్న ఎంపిక చుట్టూనే తిరిగింది. పదాన్ని మోసే వాక్యంపై దృష్టి తక్కువగా నిలిచింది. రోగనిరోధక కణాల విషయంలో ఈ లోపం పాఠకుని ఆరోగ్యాన్నే తాకుతుంది. కనుక ప్రయోగశాలలో నిజంగా జరిగే పనిని ముందుగా వివరించి, దానిని తెలుగు రచన ఏ విధంగా చెబుతున్నదో తరువాత పరిశీలించడం సముచితం.

2. గాజుపాత్రలో జరిగే పని

సుమారు 25 గ్రాముల బరువుండే ప్రయోగశాల చిట్టెలుక శరీరంలో మొత్తం రక్తం 2 మిల్లీలీటర్లకు మించదు. అందులోని తెల్లకణాలలో డెండ్రైటిక్ కణాలు అత్యల్పం. ఈ కణాన్ని న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ 1973లో చిట్టెలుక ప్లీహంలో గుర్తించారు. కొమ్మల వంటి పొడవైన పోగులు ఉండటం వల్ల చెట్టు అనే అర్థం గల గ్రీకు మాట నుంచి దానికా పేరు వచ్చింది. కణాలు మరీ కొద్దిగా దొరకడం వల్ల వాటిపై పరిశోధన దాదాపు రెండు దశాబ్దాలు మందగతిన సాగింది.

ఈ అడ్డంకి 1992లో తొలగింది. జపానుకు చెందిన కాయో ఇనాబా, స్టైన్‌మన్ తదితరులు చిట్టెలుక రక్తంలో ఇంకా డెండ్రైటిక్ రూపం దాల్చని పూర్వకణాలు ఉన్నాయనీ, తగిన ప్రేరకం లభిస్తే అవి విభజన చెంది పెరుగుతాయనీ చూపారు. ఆ ప్రేరకం జీఎం-సీఎస్ఎఫ్ అనే ప్రోటీను. దాని పూర్తిపేరులో ‘కాలనీలను ప్రేరేపించేది’ అన్న అర్థం ఉంది.

పద్ధతి స్థూలంగా ఇది. గడ్డకట్టకుండా సేకరించిన రక్తం నుంచి ఎర్రకణాలను తొలగిస్తారు. మిగిలిన తెల్లకణాలను చక్కెర, లవణాలు, అమైనో ఆమ్లాలు, దూడ పిండపు సీరం కలిసిన యానకంలో ఉంచి, ప్రేరకాన్ని చేర్చి, 37 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న పెట్టెలో నిలుపుతారు. కొద్ది రోజులకొకసారి పాత యానకాన్ని తీసి కొత్తది పోస్తారు. అక్కరలేని కణాలు దానితోపాటు కొట్టుకుపోతాయి. సుమారు వారం గడిచేసరికి పాత్ర అడుగున కణాల గుత్తులు కనిపిస్తాయి. వాటిని వేరే పాత్రకు మార్చితే, గుత్తుల నుంచి కొమ్మలు తొడిగిన కణాలు విడివడి యానకంలోకి వస్తాయి. ఒక్క ఎలుక రక్తం నుంచి దొరికేది కొద్దిపాటే గనుక, అదే బృందం అదే సంవత్సరం ఎముక మజ్జ నుంచి లక్షల సంఖ్యలో ఈ కణాలను పెంచే పద్ధతిని కూడా ప్రకటించింది. నేడు ప్రయోగశాలలలో ఎక్కువగా వాడుకలో ఉన్నది మజ్జ పద్ధతే.

ఈ వర్ణనలో వచ్చిన క్రియలను గమనించాలి: సేకరించడం, ఉంచడం, పోయడం, మార్చడం, పెరగడం, విడివడటం. పోరాడటం, దాడి చేయడం, సంహరించడం అన్నవి ఇందులో ఒక్కచోటా లేవు.

3. సైనిక రూపకం – ప్రయోజనం, పరిమితి

పాఠశాల పాఠాల నుంచి పత్రికల ఆరోగ్యపుటల వరకు తెల్లరక్తకణాలను ‘శరీరాన్ని కాపాడే సైనికులు’ అని పరిచయం చేయడం తెలుగులో పరిపాటి. ఇది తెలుగువారి కల్పన కాదు. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఎలీ మెచ్నికాఫ్ నక్షత్రచేప డింభకాలలో ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు గుమికూడటాన్ని చూసిన నాటి నుంచీ ఐరోపా శాస్త్ర రచనలో పోరాటపు ఊహ స్థిరపడుతూ వచ్చింది. అక్కడి నుంచి అది పాఠ్యగ్రంథాల ద్వారా తెలుగులోకి ప్రవేశించింది.

ఈ రూపకానికి ప్రయోజనం లేదనలేము. కంటికి కనిపించని ప్రక్రియను బాలలకు పరిచయం చేయడానికి అది తోడ్పడింది. టీకా అంటే శత్రువు ఆనవాలును ముందుగా చూపడమే అన్న వివరణ ఎందరి భయాన్నో పోగొట్టింది. మన పురాణ, జానపద కథలలో కోట, కావలి, ముట్టడి సుపరిచితాలు గనుక పాఠకుడు ఆ రూపకాన్ని శ్రమ లేకుండా అందుకుంటాడు.

పరిమితి మరొకచోట ఉంది. సైనికుడు ముందే సిద్ధంగా ఉంటాడు. అతనికి శత్రువు ఎవరో తెలుసు. అతని పని ఒక్కటే. డెండ్రైటిక్ కణం ఈ మూడు లక్షణాలకూ లొంగదు. అది పూర్వకణం నుంచి పెరగాలి. తాను సేకరించిన ప్రతిజనకాన్ని లింఫు గ్రంథులకు మోసుకెళ్లి టి కణాలకు చూపడం దాని పని. ఆ చూపడంతోపాటు ప్రమాద సంకేతం ఉంటే టి కణాలు చర్యకు పూనుకుంటాయి. సంకేతం లేకపోతే అదే కణం, అదే ప్రతిజనకం, సహనాన్ని నేర్పుతాయి. నుస్సెన్‌జ్వైగ్, స్టైన్‌మన్ తదితరులు 2001లో చిట్టెలుకలపై చేసిన ప్రయోగం ఈ అంశాన్ని స్పష్టంగా చూపింది. వాపు, ప్రమాద సంకేతం ఏమీ లేని స్థితిలో డెండ్రైటిక్ కణం ద్వారా ప్రతిజనకం అందినప్పుడు టి కణాలు కొంత విభజన చెంది, తరువాత చాలావరకు అంతరించాయి. మిగిలినవి ఆ ప్రతిజనకానికి స్పందించలేదు.

పోరాటాన్ని ప్రేరేపించడమూ, నివారించడమూ ఒకే కణం చేయగలిగినప్పుడు దానిని సైనికుడనడం సగం సత్యమే అవుతుంది. రుమటాయిడ్ కీళ్లవాతం వంటి వ్యాధులను వివరించే సందర్భంలో ఈ సగం సత్యం మరింత ఇబ్బంది కలిగిస్తుంది. సైనికుల కథలో వాటికి ‘సొంత సైన్యమే ద్రోహం చేసింది’ అన్న వివరణ తప్ప మరొకటి దొరకదు. రోగి తన శరీరాన్నే ద్రోహిగా భావించవలసి వస్తుంది. సహనం నేర్పవలసిన చోట ఆ పాఠం తప్పిందన్న శాస్త్రీయ అవగాహన ఆ కథలో ఇమడదు.

4. ‘శక్తి’ అనే నామం, ‘పెంచు’ అనే క్రియ

ఆంగ్ల ‘ఇమ్యూనిటీ’కి మూలమైన లాటిన్ పదానికి పన్నుల నుంచీ ప్రజాబాధ్యతల నుంచీ మినహాయింపు పొందిన స్థితి అని అర్థం. అది స్థితిని చెప్పే మాట. తెలుగు అకాడమి సంప్రదాయంలోని ‘అసంక్రామ్యత’ కూడా అటువంటిదే: రోగం సోకకుండా ఉండే స్థితి. అది పలకడానికి బరువైనది గనుక వాడుకలో నిలవలేదు. నిలిచింది ‘రోగనిరోధక శక్తి’.

ఈ సమాసంలోని ఉత్తరపదాన్ని పరిశీలించాలి. శక్తి అన్నది తెలుగు వాడుకలో కొలవదగినది, తగ్గేది, పెరిగేది, కొనితెచ్చుకోదగినది. బలం, ఓపిక, సత్తువ అన్న పదాల వరుసలో అది నిలుస్తుంది. ఒక్కసారి రోగనిరోధకత శక్తి అయిన తరువాత ‘అది ఎంత ఉంది?’, ‘ఎలా పెంచాలి?’ అన్న ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. వేర్వేరు కణాలు, సంకేతాలు, నియంత్రణలు కలిసి సాగించే సమతౌల్యం ఒక్క పరిమాణంగా కుదించుకుపోతుంది.

ఇక్కడే ‘పెంచు’ క్రియ కీలకమవుతుంది. ‘పిల్లలను పెంచారు’, ‘మొక్కలను పెంచారు’ అన్నప్పుడు ఆ క్రియకు పోషణ, కాలం, నిఘా, ఎదుటి జీవికి ఉండే స్వభావం అన్నీ అర్థంలో భాగాలు. ‘ధర పెంచారు’, ‘జీతం పెంచారు’ అన్నప్పుడు అది కేవలం అంకెల మార్పు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు కణాలను పెంచేది మొదటి అర్థంలో. అక్కడ ఏ ప్రేరకం, ఎన్ని రోజులు, ఏ కణం అన్న నిర్దిష్టత లేకుండా పెంపకం లేదు. జీఎం-సీఎస్ఎఫ్ ఇస్తే వచ్చే కణాలు, మరో ప్రేరకం ఇస్తే రావు. అంతేకాక ఆ పెంపకంలో అక్కరలేనివాటిని తొలగించడం కూడా అంతర్భాగమే.

2020–21 నాటి కోవిడ్ కాలంలో కషాయాలు, పొడులు, మాత్రలు ‘ఇమ్యూనిటీని పెంచేవి’గా ప్రచారం పొందినప్పుడు వినిపించింది రెండవ అర్థం. ఏ కణం, ఎంత, ఎందుకు అన్న ప్రశ్నలకు ఆ వాక్యంలో చోటు లేదు. అయినా ఆ వాక్యం పాఠకునికి శాస్త్రీయంగా తోచింది. పెంపకపు క్రియకున్న గౌరవాన్ని పరిమాణపు క్రియ అరువు తెచ్చుకోవడమే ఇందుకు ఒక కారణం. పారిభాషిక పదకోశం ఎంత సమగ్రంగా ఉన్నా ఈ జారుడును ఆపలేదు. ఇది పదం చేసిన పొరపాటు కాదు, వాక్యం చేసింది.

5. సేద్యపు మాటలు – ఒక ప్రత్యామ్నాయం

ఆంగ్లంలో ‘కల్చర్’ అన్న మాటకు మూలం దున్ని సాగుచేయడమే. తెలుగులో ఆ భావాన్ని ‘వర్ధనం’ అన్న తత్సమం మోస్తున్నది. అది సరైన పదమే గాని, దాని చుట్టూ క్రియల కుటుంబం లేదు. తెలుగు సేద్యంలో ఆ కుటుంబం సిద్ధంగా ఉంది. పూర్వకణాలను నారుతో, పాత్ర మార్చడాన్ని నారు పీకి నాటడంతో, యానకం మార్చడాన్ని నీరు పెట్టడంతో, కావలసిన కణాల ఎంపికను కలుపు తీయడంతో పోల్చి చెప్పవచ్చు.

కలుపు తీయడం అన్న పోలిక ఎంత దూరం నిలుస్తుందో చూడటానికి 1975లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ కేంబ్రిడ్జిలో చేసిన ప్రయోగం తగిన ఉదాహరణ. గొర్రె ఎర్రకణాలను ఎక్కించిన చిట్టెలుక ప్లీహం నుంచి బి కణాలను తీసి, వాటిని మైలోమా అనే క్యాన్సర్ కణాలతో కలిపారు. బి కణం ప్రతిదేహాన్ని తయారుచేస్తుంది గాని పాత్రలో కొద్ది రోజులకు మించి బతకదు. మైలోమా కణం నిరంతరం విభజన చెందుతుంది గాని కావలసిన ప్రతిదేహాన్ని ఇవ్వదు. రెండూ కలిసిన సంకరకణం రెండు గుణాలనూ పుణికిపుచ్చుకుంటుంది. కలవని మైలోమా కణాలు మిగిలిపోతే అవే పాత్రనంతా ఆక్రమిస్తాయి. వాటిని తొలగించడానికి హాట్ అనే యానకాన్ని వాడారు. అందులోని అమైనోప్టెరిన్ కణం డీఎన్ఏ భాగాలను తయారుచేసుకునే ప్రధాన మార్గాన్ని మూసివేస్తుంది. రెండవ మార్గానికి కావలసిన ఎంజైము మైలోమా కణంలో లేదు గనుక అది చనిపోతుంది. సంకరకణానికి ఆ ఎంజైము బి కణం నుంచి లభించింది గనుక అది బతుకుతుంది. పంటను ఉంచి కలుపును మాత్రమే చంపే ఏర్పాటు ఇది. ఈ కృషికి 1984లో నోబెల్ పురస్కారం లభించింది.

తెలుగు పాఠకునికి ఇందులో మరొక ఆసక్తికరమైన అంశం ఉంది. అమైనోప్టెరిన్ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో రూపొందిన పదార్థం. భీమవరంలో 1895లో జన్మించిన సుబ్బారావు 1948లో మరణించారు. ఆ ఏడాదే సిడ్నీ ఫార్బర్ దానిని వాడి, రక్తక్యాన్సర్ సోకిన పిల్లలలో తాత్కాలిక ఉపశమనాన్ని సాధించినట్లు ప్రకటించారు. సుబ్బారావును గురించిన తెలుగు జీవితకథనాలు ఆయనను మందులు కనుగొన్న మహనీయునిగా కీర్తిస్తాయి. ఆయన బృందం ఇచ్చిన అణువు పాతికేళ్ల తరువాత రోగనిరోధక కణాల సేద్యంలో కలుపు తీసే పనిముట్టయిందన్న సంగతికి ఆ కథనాలలో దక్కిన స్థానం స్వల్పం. వీరగాథా ధోరణి పనిముట్టు కథకు చోటివ్వకపోవడం ఇక్కడా కనిపిస్తుంది.

సేద్యపు రూపకానికీ పరిమితులున్నాయి. పొలంలో పైరు తన జీవితచక్రాన్ని పూర్తిచేస్తుంది. పాత్రలోని కణం మరొక జీవి నుంచి విడదీసినది. ప్రేరకాన్ని పాలలో వేసే తోడుతో పోల్చడం ఆకర్షణీయంగా తోచినా సరికాదు: తోడులో ఉండేవి జీవకణాలు, జీఎం-సీఎస్ఎఫ్ జీవంలేని ప్రోటీను. అన్నిటికంటే ముఖ్యంగా, పంట అనే మాటలో ఎలుక కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది.

6. కనుమరుగైన చిట్టెలుక

తెలుగు వార్తారచనలో ‘ఎలుకలపై ప్రయోగం’ అన్న మాట రెండు వేర్వేరు జాతులను ఒక్కటి చేస్తుంది. 20–30 గ్రాముల చిట్టెలుకకూ, అంతకు పదింతలు బరువుండే ఎలుకకూ శరీరధర్మంలో తేడాలున్నాయి. ‘చిట్టెలుక’ అన్న మాట భాషలో ఉండగానే దానిని విడిచిపెట్టడం అనవసరమైన అస్పష్టత.

చిట్టెలుక మరణాన్ని చెప్పే తీరు మరొక అంశం. ప్రయోగశాల ఆంగ్లంలో చిట్టెలుకను ‘త్యాగం’ చేశామంటారు. దానిని ‘బలి’ అని తెలుగు చేస్తే భాషలో లేని పవిత్రత ప్రయోగానికి అంటుకుంటుంది. ‘చంపి’ అనడమే సత్యం. ప్రాణులపై క్రూరత్వాన్ని నివారించే 1960 నాటి చట్టం ప్రయోగాలను నియంత్రిస్తున్నది. సంస్థలలోని జంతునైతిక సంఘాలు ఎన్ని ప్రాణులు, ఎందుకు అన్నది ముందుగా పరిశీలిస్తాయి. చట్టం లెక్కలోకి తీసుకున్న ప్రాణిని వాక్యం వదలివేయడం తగదు.

మందు పేరులో మాత్రం చిట్టెలుక ఆనవాలు నిలిచింది. మోనోక్లోనల్ ప్రతిదేహాల అంతర్జాతీయ నామకరణంలో ‘మాబ్’ అన్న ప్రత్యయానికి ముందు ‘ఓ’ ఉంటే చిట్టెలుక మూలం, ‘క్సి’ ఉంటే చిట్టెలుక, మానవ భాగాల కలయిక, ‘జు’ ఉంటే మానవీకరించినది, ‘ఉ’ ఉంటే మానవ మూలం అని అర్థం. 2017లో కొత్త మందులకు ఈ మూలసూచికను తొలగించారు గాని పాత పేర్లు అలాగే ఉన్నాయి. రిటుక్సిమాబ్ అన్న పేరును ఇలా విడదీసి చదవగలిగితే, ప్రతిజనకాన్ని పట్టుకునే దాని కొస చిట్టెలుక నుంచి వచ్చిందనీ, మిగిలిన భాగం మానవ నిర్మాణమనీ తెలుస్తుంది. సంధి, సమాసాలను విడదీయడం వృత్తిగా గల భాషాధ్యాపకులకు ఇది పరాయి విద్య కాదు.

7. నిజాంపేట–బాచుపల్లి: మందుకూ మాటకూ మధ్య

నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ గ్రామాలు కలిసి 2019లో నిజాంపేట నగరపాలక సంస్థగా ఏర్పడ్డాయి. సైబరాబాదు ఉద్యోగులు నివసించే కాలనీలు, బహుళ అంతస్తుల భవనాలు ఒకవైపు, బాచుపల్లి ఔషధ పరిశ్రమలు మరొకవైపు ఈ ప్రాంతపు లక్షణం. డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ జీవౌషధ విభాగం బాచుపల్లిలోనే ఉంది. ఆ సంస్థ 2007లో రెడిటక్స్ పేరుతో రిటుక్సిమాబ్‌ను భారత విపణిలో ప్రవేశపెట్టింది. ఈ రకపు మందును చైనా హ్యామ్‌స్టర్ అనే మరొక చిన్న ప్రాణి అండాశయ కణాలను పెద్ద పాత్రలలో పెంచి తయారుచేస్తారు. చిట్టెలుక రోగనిరోధక కణంతో మొదలైన కథ ఆ విధంగా ఈ ప్రాంతపు పారిశ్రామిక ఉత్పత్తిలో భాగమైంది.

రిటుక్సిమాబ్ బి కణాల ఉపరితలంపై ఉండే సీడీ20 అనే ప్రోటీనును పట్టుకుని ఆ కణాలను నాశనం చేస్తుంది. కొన్ని లింఫోమాలలోనూ, రుమటాయిడ్ కీళ్లవాతంలోనూ దానిని వాడతారు. అంటే ఇది రోగనిరోధక కణాలను తగ్గించడం ద్వారా మేలు చేసే మందు. చికిత్స తరువాత దాదాపు 6 నెలలు, కొన్నిసార్లు అంతకు మించి, బి కణాలు తక్కువగానే ఉంటాయి. ఆ కాలంలో వేసే టీకాలకు శరీరం సరిగా స్పందించకపోవచ్చు. శరీరంలో అణగి ఉన్న హెపటైటిస్-బి వైరస్ తిరిగి విజృంభించే ప్రమాదం ఉన్నందున చికిత్సకు ముందే దాని పరీక్ష తప్పనిసరి.

ఈ మందు అవసరమైన ఒక తెలుగు పాఠకురాలిని ఊహించి చూస్తే, ఆమెకు ఇంతవరకు అందిన విజ్ఞాన భాష ఏమిటన్నది ప్రశ్న. తెల్లకణాలు సైనికులని ఆమె బడిలో చదివింది. రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిదని పత్రికలో చదివింది. ఆ రెండు వాక్యాలను నమ్మితే సైనికులను చంపే మందు ఆమెకు హాని చేసేదిగా తోచాలి. లేదా, మందు గనుక ‘శక్తిని పెంచేదే’ అయి ఉంటుందని భావించి హెపటైటిస్ పరీక్షనూ టీకాల క్రమాన్నీ ఆమె తేలికగా తీసుకోవాలి. రెండూ ప్రమాదకరమే. ‘కొన్ని కణాలు అతిగా పెరిగాయి, వాటిని పలచన చేస్తున్నాము, అవి తిరిగి మొలిచే వరకు జాగ్రత్త అవసరం’ అన్న వివరణ సాగు తెలిసిన ఏ కుటుంబానికైనా అర్థమవుతుంది. మొక్కలు దట్టమైతే పలచన చేయడం చేను తెలిసినవారికి కొత్త కాదు. మందు తయారయ్యే చోటికీ, మందు అవసరమైన ఇంటికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే కావచ్చు. ఆ నడుమ నడిచే వాక్యం మాత్రం ఇంకా తెలుగులో స్థిరపడవలసి ఉంది.

8. ముగింపు

స్టైన్‌మన్ తనకు సోకిన క్లోమ క్యాన్సర్‌కు డెండ్రైటిక్ కణాలపై ఆధారపడిన ప్రయోగాత్మక చికిత్సలను కూడా స్వీకరించి, నోబెల్ పురస్కార ప్రకటనకు మూడు రోజుల ముందు, 2011 సెప్టెంబరు 30న మరణించారు. దానిని యుద్ధంలో ఓటమిగా చెబితే, కణాలను పెంచి, పరీక్షించి, మార్చి చూసిన నాలుగు దశాబ్దాల శ్రమ ఆ కథలో మిగలదు.

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. రోగనిరోధక కణాలను సైనికులుగా చెప్పే రూపకం పరిచయ స్థాయిలో ఉపయోగకరమే. సహనం, నియంత్రణ, స్వీయరోధక వ్యాధులు, కణాలను తగ్గించే చికిత్సలను వివరించడానికి అది చాలదు.

2. ‘రోగనిరోధక శక్తి’ అన్న సమాసం సమతౌల్యాన్ని పరిమాణంగా మారుస్తుంది. ‘వ్యాధి నిరోధకత’, ‘రోగనిరోధక వ్యవస్థ’ అన్న పదాలు ఇప్పటికే వాడుకలో ఉన్నందున సందర్భానుసారం వాటిని ఎంచుకోవచ్చు.

3. ‘పెంచు’ క్రియను వాడిన ప్రతిచోటా ఏ కణాన్ని, దేనితో, ఎంతకాలం అన్న వివరం ఇవ్వగలిగితేనే ఆ వాక్యం విజ్ఞాన వాక్యమవుతుంది. ఇవ్వలేనిది ప్రకటన వాక్యం.

4. నారు, నాటు, కలుపు, పలచన వంటి సేద్యపు మాటలు కణవర్ధనాన్ని వివరించడానికి తగినవి. పోలిక ఆగిపోయే చోటును కూడా రచయిత చెప్పాలి.

5. ‘చిట్టెలుక’, ‘చంపి’ అన్న సూటి మాటలను తప్పించుకోవడం శాస్త్రీయతకూ నైతికతకూ లోపమే.

తెలుగులో విజ్ఞాన రచనను విమర్శించేవారు పదపట్టికల స్థాయిని దాటి క్రియాపదాల స్థాయికి రావలసిన అవసరాన్ని ఈ ఉదాహరణ సూచిస్తున్నది. కళాశాలలలో అనువాద, జనమాధ్యమ పాఠ్యాంశాలు బోధించే తెలుగు శాఖలకు ఇది చేరువలో ఉన్న పరిశోధన క్షేత్రం.